విదేశంలో ఇంగ్లీషు టీచరు: వచ్చేదెంత, మిగిలేదెంత



పొద్దున్నే హైదరాబాద్ శివార్లలో, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర విజయవాడ హైవే మీద నిలబడితే పసుపుపచ్చ స్కూలు బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ఆ బస్సుల్లో పిల్లల కంటే ముందు ఎక్కేది టీచర్లు. ఎల్‌బీ నగర్‌లో కొందరు, హయత్‌నగర్‌లో కొందరు, పెద్ద అంబర్‌పేటలో కొందరు, ఒక చేతిలో టిఫిన్ బాక్సు, ఇంకో చేతిలో దిద్దాల్సిన నోటుబుక్కుల సంచి పట్టుకుని ఎక్కుతారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళలో ఇంగ్లీషు చెప్పేవాళ్ళకు నాలాంటి రిటైరైన లెక్చరర్ ఎదురుపడితే ఇప్పుడు అడిగేది గ్రామరు సందేహాలు కాదు. "సార్, దుబాయ్‌లో ఎంతిస్తున్నారట? మాల్దీవులకు పోతే ఏమన్నా మిగుల్తదా? అమెరికా బడులకు మన టీచర్లను తీసుకుంటున్నారట, నిజమేనా?"

అడగడంలో తప్పు లేదు. ఇక్కడ మామూలు ప్రైవేటు బడిలో పదిహేను వేలు, బాగా అనుభవముంటే ఇరవై, ఇరవై రెండు వేలు. ఎండాకాలం సెలవుల్లో ఆ మాత్రమూ సగమే ఇచ్చే బడులున్నాయి. కరోనాలో బడులు మూతపడ్డప్పుడు ఎంతోమందికి నెలల తరబడి జీతమే లేదు. కూరగాయలు అమ్మినవాళ్ళున్నారు, ఉపాధి హామీ పనికి పోయినవాళ్ళున్నారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం, గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించింది. ఎమ్మే ఇంగ్లీషు, బీఎడ్ చదివినవాళ్ళు ఆ బియ్యం కోసం రేషన్ షాపు ముందు నిలబడ్డారు. నాకు తెలిసిన టీచర్లలో కొందరు పాస్‌పోర్టుకు పెట్టుకున్నది ఆ తర్వాతే.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి ఏ సందులోకి తిరిగినా స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డు ఒకటి, ఐఈఎల్‌టీఎస్ బోర్డు ఒకటి, వాటి పైఅంతస్తులో వీసా కన్సల్టెన్సీ బోర్డు ఒకటి కనిపిస్తాయి. మొదట్లో అవన్నీ చదువుకోడానికి పోయే పిల్లల కోసం వెలిసినవి. ఇప్పుడు 'టీచర్ జాబ్స్, గల్ఫ్, యూఎస్ఏ' అన్న కాగితాలు కూడా అతికిస్తున్నారు. ఆ కాగితాల మీద జీతం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఖర్చు సంగతి ఎక్కడా ఉండదు. ఇవాళ నేను మాట్లాడదలచింది ఆ ఖర్చు గురించి.

గడిచిన ఎండాకాలంలో ఒక టీచరమ్మ ఆఫర్ లెటరు తీసుకుని మా ఇంటికొచ్చింది. షార్జాలో ఇండియన్ సిలబస్ బడి. నెలకు 4,000 దిర్హాములు.

"మన లెక్కన లక్ష కదా సార్?"

"లక్షకు కాస్త తక్కువమ్మా. రెండో పేజీ చదివావా?"

రెండో పేజీలో ఆ నాలుగు వేలను ముక్కలు చేశారు. బేసిక్ 2,000. మిగతా రెండు వేలు ఇంటి అద్దె, రవాణా, 'ఇతర అలవెన్సులు'. కిందనే చిన్న అక్షరాల్లో 'ఆల్ ఇంక్లూజివ్' అని ఒక మాట. అంటే వేరే ఇల్లివ్వరు, బస్సివ్వరు, అన్నీ అందులోనే చూసుకోవాలి. బేసిక్ ఎందుకంత తక్కువ పెట్టారో ఆమెకు అర్థం కాలేదు. ఎమిరేట్స్ చట్టం ప్రకారం ఉద్యోగం మానేసేటప్పుడు గ్రాట్యుటీ ఇవ్వాలి. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆపైన ఏడాదికి 30 రోజుల జీతం. ఆ జీతం అంటే బేసిక్ మాత్రమే. బేసిక్ రెండు వేలయితే ఏడాదికి 1,400 దిర్హాములు, ఐదేళ్ళు చేస్తే ఏడు వేలు. అదే నాలుగు వేలలో బేసిక్ 3,500 అని రాసి ఉంటే ఐదేళ్ళకు 12,250 వచ్చేది. నెలనెలా చేతికొచ్చే జీతం రెండు చోట్లా ఒకటే. తేడా అంతా మూటాముల్లె సర్దుకుని తిరిగొచ్చేనాడు తెలుస్తుంది. మన దగ్గర ఉన్నట్టు అక్కడ వీళ్ళకు పీఎఫ్ లేదు కాబట్టి ఆ గ్రాట్యుటీయే ముసలితనానికి దాచుకునే సొమ్ము.

తర్వాత కాగితం, పెన్ను తీసుకుని ఖర్చు రాశాం. ఒంటరిగా పోతే ఇల్లు దొరకదు, దొరికేది 'లేడీస్ బెడ్‌స్పేస్'. ఒక గదిలో నలుగురు, ఒక్కో మంచానికి ఒక్కో అద్దె. షార్జా రోలాలో, దుబాయ్ కరామాలో ఈ మాట అందరికీ తెలుసు. దానికి 900 అనుకున్నాం. తిండికి 600. ఫోను, బస్సు, మందులు, చిల్లర ఖర్చులు కలిపి 500. మిగిలింది 2,000. దిర్హాము ఇప్పుడు ఇరవై నాలుగు రూపాయల పైన ఉంది కాబట్టి దాదాపు నలభై తొమ్మిది వేలు. బాగానే ఉందనిపిస్తుంది. అయితే ఇక్కడ ఆమె సొంతింట్లో ఉంటుంది, పిల్లలిద్దరూ ఆమె చెప్పే బడిలోనే సగం ఫీజుతో చదువుతున్నారు. ఆమె పోతే ఆ రాయితీ పోతుంది. అత్తగారు మోకాళ్ళ నొప్పుల మనిషి, వంటకు మనిషిని పెట్టుకోవాలి. ఏడాదికోసారి రాకపోకల టికెట్టు. గల్ఫ్‌లో బడులన్నీ ఒకేసారి, జులై, ఆగస్టుల్లో మూస్తారు. టీచర్లు, పిల్లలు అందరూ ఒకేసారి విమానం ఎక్కుతారు కాబట్టి సరిగ్గా అప్పుడే టికెట్టు ధర ఆకాశంలో ఉంటుంది. ఇవన్నీ తీసేస్తే ఇక్కడి జీతం మీద అదనంగా కనిపించింది పదిహేను వేల లోపే. ఆ పదిహేను వేల కోసం పిల్లల్ని వదిలి పోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. నేను అభిప్రాయం చెప్పలేదు, కాగితం మాత్రం ఆమెకే ఇచ్చాను.

కుటుంబాన్ని తీసుకుపోతే? ఎమిరేట్స్‌లో కుటుంబాన్ని స్పాన్సర్ చెయ్యాలంటే జీతం కనీసం 4,000 దిర్హాములుండాలి, లేదా 3,000 జీతంతో పాటు ఇల్లు ఉండాలి. ఈ టీచరమ్మ సరిగ్గా గీత మీద ఉంది. వీసా అయితే వస్తుంది. కానీ సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటు అద్దె కట్టాక వంటింటికి ఏం మిగులుతుంది? దుబాయ్‌లో గదులకు అడ్డగోడలు కట్టి ముక్కలు ముక్కలుగా అద్దెకివ్వడం మీద 2025లో అధికారులు గట్టిగా విరుచుకుపడ్డారు, కాబట్టి ఆ చౌక దారి కూడా మూసుకుపోతోంది.

మరి ఇంత తక్కువ జీతానికి అక్కడ టీచర్లు ఎలా దొరుకుతున్నారు? ఇది తెలుసుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. గల్ఫ్‌లో ఇండియన్ సిలబస్ బడుల్లో చెప్పే ఆడవాళ్ళలో చాలామంది భర్త వీసా మీద వచ్చినవాళ్ళు. భర్త ఇంజనీరో, అకౌంటెంటో. ఇల్లు ఆయన కంపెనీది, లేదా ఆయన అద్దె కడతాడు. టికెట్టు ఆయన ఖాతాలో, ఆరోగ్య బీమా ఆయన ఖాతాలో. బడి వాళ్ళు ఆమెకు ఇల్లు చూపించాల్సిన పని లేదు, వీసా తియ్యాల్సిన పని లేదు. అందుకే ఆ జీతం ఆ ఇంట్లో రెండో జీతం. సౌదీలోనైతే భర్త వీసా మీదున్నవాళ్ళు బడుల్లో చెప్పుకోడానికి 'అజీర్' అని ప్రత్యేకంగా ఒక పర్మిట్ పద్ధతే ఉంది. జీతాల స్కేలు ఈ రెండో జీతాన్ని చూసి కట్టింది. ఇక్కడి నుంచి ఒంటరిగా పోయే టీచరమ్మకు అదే మొదటి జీతం, ఉన్న ఒక్క జీతం. ఒకే బడి, ఒకే క్లాసు, ఒకే నాలుగు వేలు. పక్క సీటులో కూర్చున్న ఆవిడకు అది మిగులు, ఈమెకు అది బతుకు.

ఆ మాటకొస్తే అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల బడుల్లో ఇచ్చే పదిహేను వేలు కూడా రెండో జీతమనే లెక్కతో ఇస్తున్నదే కదా. 'ఇంట్లో ఆయన ఉన్నాడుగా' అన్నది యాజమాన్యాలు పైకి అనని మాట. ఒంటి సంపాదన మీద ఇల్లు నడిపే టీచరమ్మకు హయత్‌నగర్‌లోనూ కష్టమే, షార్జాలోనూ కష్టమే.

సౌదీకి పోదామనుకునేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. 2017 జులై నుంచి అక్కడ విదేశీయులు తమ మీద ఆధారపడ్డ ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ళ చొప్పున రుసుం కట్టడం మొదలైంది. ఏడాదికో వంద పెరుగుతూ 2020కి అది 400 అయింది. భర్త, ఇద్దరు పిల్లలు వెంట ఉంటే నెలకు 1,200 రియాళ్ళు ఉత్తపుణ్యానికి పోయినట్టే. వ్యాటు 15 శాతం. చాలా కుటుంబాలు పిల్లల్ని వెనక్కి పంపింది అందుకే.

అదే దుబాయ్‌లో బ్రిటిష్ సిలబస్ బడుల్లో జీతం ఇండియన్ బడికి రెండింతలు, మూడింతలు. పైగా ఇల్లు, పిల్లలకు సీటు. సిలబస్ మారితే జీతం ఎందుకు మారుతుంది? ఫీజు మారుతుంది కాబట్టి. ఇండియన్ బడిలో ఫీజు కట్టేది మన చిన్న ఉద్యోగులు, బడి అంతకంటే ఎక్కువ వసూలు చెయ్యలేదు. అదొక్కటే కారణమైతే బాధ లేదు. రెండో కారణం పాస్‌పోర్టు. ఇంగ్లీషు టీచరు విషయంలో ఇది లెక్కల టీచరు కంటే ఎక్కువ కొడుతుంది. దక్షిణ కొరియా ఇంగ్లీషు టీచర్లకిచ్చే ఈ-2 వీసాకు ఏడు దేశాల వాళ్ళే అర్హులు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010 జనవరి నుంచి అమల్లో ఉన్న భారత్-కొరియా ఒప్పందం టీచరు అర్హత పత్రమున్న మనవాళ్ళకు ఒక చిన్న తలుపు తెరిచింది, అదీ బడుల్లో సహాయక ఇంగ్లీషు టీచర్లుగా. థాయిలాండ్‌లో మనవాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు చెబుతున్నారు. ఇంగ్లీషు మాతృభాషైన వాళ్ళకిచ్చే దానికంటే జీతం చాలా తక్కువ, కొన్ని బడుల్లో సగానికి కాస్త అటూ ఇటూ. తార్నాకలో మన ఇఫ్లూ, అంటే ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, 1972లో సీఫెల్ అని పేరు మార్చుకుని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. ఇంగ్లీషు ఎలా చెప్పాలో మూడు తరాల టీచర్లకు నేర్పిన చోటు. అక్కడ డిప్లొమా చేసి ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికంటే, ఏదో ఒక డిగ్రీ, నాలుగు వారాల సర్టిఫికెట్టు పట్టుకొచ్చిన ఇరవై మూడేళ్ళ కుర్రాడికి ఎక్కువ ఇస్తున్నారంటే, కొంటున్నది ఇంగ్లీషును కాదు, పాస్‌పోర్టు మీది బొమ్మను. ఈ మాట నేను కోపంతోనే అంటున్నాను.

మాల్దీవుల సంగతి వేరు. అక్కడి బడుల్లో మన దేశపు టీచర్లు మొదటినుంచీ ఎక్కువ. కేరళ వాళ్ళతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. చిన్న దీవిలో పోస్టింగు పడితే ఖర్చు చేద్దామన్నా దుకాణం ఉండదు. చేపలు తినేవాళ్ళకు పరవాలేదు. శాకాహారులకే చిక్కు, ఆకుకూర, టమాట పడవ మీద రావాలి, పడవ రాని వారం పప్పుచారే. ఇబ్బందంతా డబ్బు పంపడంలో ఉంది. జీతం రుఫియాల్లో ఇస్తారు. సర్కారు లెక్క ప్రకారం డాలరుకు 15.42 రుఫియాలు. 15,420 జీతమైతే కాగితం మీద సరిగ్గా వెయ్యి డాలర్లు. కానీ ఆ రేటుకు బ్యాంకులో డాలర్లు కావలసినన్ని దొరకవు. విదేశీ ఉద్యోగులు నెలకు ఇంతకంటే ఎక్కువ పంపకూడదని బ్యాంకులు పెట్టిన పరిమితి ఈ మధ్య ఇంకా బిగిసింది. బయట కొనాలంటే ఎక్కువ పెట్టాలి. బయట 20 పలికితే ఆ వెయ్యి డాలర్లు 771 అవుతాయి. నాలుగో వంతు దారిలోనే ఆవిరి. మాల్దీవుల ఆఫరు చూసేటప్పుడు జీతం ఎంతని కాదు, నెలకు ఎన్ని డాలర్లు బ్యాంకు ద్వారా పంపగలనని అడగాలి. భూటాన్‌లో ఈ బాధ లేదు, అక్కడి ఎన్‌గుల్‌ట్రమ్ మన రూపాయికి సమానం. రూపాయికి సమానమంటే డాలరు పెరిగిన లాభమూ రాదనుకోండి.

స్థానిక కరెన్సీలో జీతం తీసుకోవడం ఎంత ప్రమాదమో మన ముందుతరానికి బాగా తెలుసు. ఇథియోపియాలో హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచీ మన దేశపు టీచర్లు వేలమంది పాఠాలు చెప్పారు. తర్వాత అక్కడి విశ్వవిద్యాలయాలకు మన తెలుగు ప్రొఫెసర్లు చాలామంది పోయారు. ఆయిల్ డబ్బు పొంగినప్పుడు నైజీరియా పిలిచింది. 1980ల మొదట్లో ఒక నైరా డాలరు కంటే ఎక్కువ పలికేది. 1986లో దాన్ని మార్కెట్‌కు వదిలారు. 1990 వచ్చేసరికి ఒక డాలరుకు దాదాపు ఎనిమిది నైరాలు. జీతం ఒక్క నైరా తగ్గలేదు, పాసుబుక్కులో అంకె అలాగే ఉంది, ఇంటికి పంపే డాలర్లు మాత్రం ఎనిమిదో వంతు కంటే కిందికి పడిపోయాయి. గల్ఫ్ కరెన్సీల్లో చాలావరకు డాలరుకు ముడిపడి ఉండడం మన అదృష్టం. దిర్హాము 3.6725, సౌదీ రియాలు 3.75 దగ్గర ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్నాయి. 2010లో 45 రూపాయల చుట్టూ ఉన్న డాలరు 2025 చివర్లో 90 తాకింది. గల్ఫ్‌లో పదిహేనేళ్ళుగా పైసా ఇంక్రిమెంటు లేని టీచరు కూడా ఇంటికి రెట్టింపు పంపుతున్నారంటే అందులో బడి గొప్పతనం ఏమీ లేదు, రూపాయి పుణ్యం.

ఇక అమెరికా. అక్కడి పల్లెటూరి బడుల్లో టీచర్ల కొరత నిజం, మనవాళ్ళను తీసుకుంటున్నదీ నిజం. దానికి జే-1 అనే వీసా ఉంది. డిగ్రీ, కనీసం రెండేళ్ళ బోధన అనుభవం కావాలి. మూడేళ్ళు, పొడిగిస్తే ఐదేళ్ళు, ఆపైన తిరిగిరావాలి. ఆ తర్వాత రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలన్న షరతు కూడా 2024 డిసెంబరు దాకా మనవాళ్ళలో చాలామందికి వర్తించేది. గ్రీన్‌కార్డు కలతో ఈ దారి పట్టకండి. హెచ్-1బీ మీద తీసుకునే బడులు కొన్ని ఉండేవి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల రుసుం ప్రకటించాక ఏ పల్లెటూరి బడి అంత కడుతుంది?

ఏడాదికి 48,000 డాలర్లనుకుందాం. నెలకు నాలుగు వేలు. పన్నులు, బీమా పోను చేతికి మూడు వేల చిల్లర. అద్దె 1,100. కారు లేకుండా అక్కడ పాలపాకెట్టు కూడా తెచ్చుకోలేరు, కాబట్టి కారు వాయిదా, బీమా, పెట్రోలు కలిపి 600. తిండి, ఫోను 450. వెయ్యి డాలర్లు మిగిలితే మంచి గృహిణి అన్నట్టే. గల్ఫ్ కంటే ఇది చాలా నయం. పైగా జీవిత భాగస్వామికి జే-2 అనే కుటుంబ వీసా మీద అనుమతి తీసుకుని పని చేసుకునే వీలుంది. అప్పుడు ఇంట్లో రెండు జీతాలు. ఇబ్బంది మొదటి మూడు నెలలదే. అద్దె అడ్వాన్సు, పాత కారు, టికెట్లు, మొదటి జీతం వచ్చేదాకా తిండి, ఇవన్నీ జేబులోంచే పోవాలి. దానిమీద ఏజెంటు ఫీజు. నాకు తెలిసిన ఇళ్ళలో ఈ లక్షల కోసం బంగారం తాకట్టు పెట్టినవాళ్ళున్నారు. మొదటి ఏడాది మిగిలిందంతా ఆ అప్పుకే సరి.

ఏజెంటు అన్నాక ఒక కేసు చెప్పాలి. లూసియానా రాష్ట్రంలో బడులకు ఫిలిప్పీన్స్ నుంచి వందలమంది టీచర్లను తెచ్చిన ఒక నియామక సంస్థ వాళ్ళ దగ్గర వేలకు వేల డాలర్లు ఫీజు గుంజింది. టీచర్లు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. 2012 డిసెంబరులో జ్యూరీ వాళ్ళకు 45 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. మన దగ్గర 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలిప్పించే ఏజెంటు కేంద్రం దగ్గర నమోదై ఉండాలి. ఉద్యోగి దగ్గర తీసుకోదగిన సేవా రుసుం 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతే. దిల్‌సుఖ్‌నగర్ పైఅంతస్తులో మిమ్మల్ని మూడు లక్షలడిగితే లైసెన్సు నంబరు అడగండి, రసీదడగండి. రాష్ట్ర ప్రభుత్వానిదే టామ్‌కామ్ అని ఒక సంస్థ ఉంది, విదేశీ ఉద్యోగాలు చూసిపెట్టడమే దాని పని. ముందు అక్కడ కనుక్కోవడానికి ఖర్చయ్యేది సిటీ బస్సు టికెట్టు.

మన వైపు ఈ విదేశీ డబ్బును గజాల్లో కొలుస్తారు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక అబ్దుల్లాపూర్‌మెట్, కోహెడ చుట్టూ లేచిన వెంచర్లలో 'గల్ఫ్ పోయి కొన్నది', 'అమెరికా పోయి కొన్నది' అని ప్లాట్లు చూపిస్తారు. ఎన్నేళ్ళు బెడ్‌స్పేస్‌లో పడుకుంటే నూట యాభై గజాలు వచ్చాయో ఆ హద్దురాళ్ళ మీద రాసి ఉండదు. పోయేవాళ్ళను అడిగితే చాలామంది లక్ష్యం అదే: ఒక ప్లాటు, పిల్లల ఇంజనీరింగు ఫీజు. తప్పు లేదు. గజం ధర ఏటా ఎంత పెరుగుతోందో, మీ మిగులు ఏటా ఎంత పెరుగుతోందో పక్కపక్కన రాసుకుని చూడండి. ధర ముందు పరిగెడుతుంటే ఎన్నేళ్ళున్నా ప్లాటు అందదు. అప్పుడు పంపిన డబ్బు ఎన్ఆర్ఈ ఖాతాలో ఉంచుకోవడమే మేలు కావచ్చు, ఆ వడ్డీకి మన దేశంలో పన్ను లేదు.

పోవాలని నిశ్చయించుకున్నవాళ్ళకు ఒక చిన్న పని ఉంది, అది ఇక్కడే, ఇప్పుడే మొదలుపెట్టాలి. డిగ్రీ, బీఎడ్ పట్టాలకు ధ్రువీకరణ కావాలి. సౌదీ, ఒమన్, కొరియాలకు మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చాలు. ఎమిరేట్స్, కువైట్, ఖతర్‌లకు ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా పడాలి. వారాలు పడుతుంది. ఇవన్నీ ఒరిజినల్ కాగితాల మీద జరిగేవి. మన బడుల్లో కొన్ని ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టేస్తున్నాయి. విద్యా సంవత్సరం మధ్యలో మానేస్తే ఇవ్వమని సతాయిస్తాయి, అనుభవ పత్రమూ ఇవ్వవు. ఆ పత్రం లేకపోతే జే-1 దరఖాస్తు గడప దాటదు. కాబట్టి టీచరమ్మలారా, ఆఫరు కోసం వెతకడానికి ముందు ప్రిన్సిపాల్ మేడమ్ గదికి వెళ్ళి, బ్యాంకు లోను పనో, ఇంకేదో చెప్పి మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంటికి తెచ్చుకోండి. అనుభవ పత్రం స్కూలు లెటర్‌హెడ్ మీద, చేరిన తేదీ, చెప్పే క్లాసులు, సబ్జెక్టు రాయించి, సంతకంతో తీసుకోండి. మార్చి పరీక్షల హడావుడి మొదలైతే ఆ సంతకం జూన్ దాకా దొరకదు.